పొట్లం చౌక, మొక్క ప్రియం

విత్తనాల అంగడిలో కంటికి ఇంపుగా కనిపించేది పొట్లంపై ముద్రించిన ఎర్రని టమాటా. చదవవలసినది మాత్రం వెనుకనున్న చిన్న అక్షరాలను. మొలక శాతం, పరీక్ష తేదీ, గడువు అక్కడే ఉంటాయి. ధ్రువీకృత టమాటా విత్తనానికి కనీస మొలక ప్రమాణం 70 శాతం, బెండకు 65 శాతం.

ఇరవై రూపాయలకు కొన్న నూరు గింజలలో ఎనభై మొలిస్తే మొక్క వెల పావలా. పది రూపాయలకే కొన్న నూటిలో ఇరవై మాత్రమే మొలిస్తే అర్ధరూపాయి!

ఉల్లి విత్తనం ఏడాదిలోనే సత్తువ కోల్పోతుంది. అది తాజాదై ఉండాలి. సంకర రకాల గింజలు దాచి మరల విత్తితే తల్లి గుణం నిలవదు. అనుమానముంటే పది గింజలను తడిగుడ్డలో చుట్టి మొలకెత్తించి చూడవచ్చు. పోయిన పైకం మరల సంపాదించవచ్చు. తప్పిన అదను తిరిగి రాదు.