శీతల యంత్రముల గొట్టములలో ద్రవాఘాతము

కొళాయిని తటాలున కట్టివేసినపుడు గొట్టములో ఠక్కుమని యొక శబ్దము పుట్టుట మన విద్యార్థులలో పెక్కురు గమనించియే యుందురు. పరుగిడు నీటిని హఠాత్తుగా నిలిపినచో దాని వేగము గొట్టముపై దెబ్బగా మారును. శీతల గిడ్డంగుల గొట్టములలో నిట్టి దెబ్బయే ప్రాణాంతకము కాగలదు. అది యెట్లు పుట్టునో యిచ్చట వివరింపదలచితిమి.

గుంటూరు మిరపకాయలు దాచు గిడ్డంగులు మొదలుకొని మత్స్యములను గడ్డకట్టించు కర్మాగారముల వరకు పెక్కింట చల్లదనము గలిగించునది అమ్మోనియా. సాధారణ వాయుపీడనమున నిది సున్నకు దిగువ 33 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరగి, చుట్టునున్న వేడిమిని గ్రహించును. ఇది మరగు గొట్టపుచుట్టలపై గాలిలోని తేమ మంచుగా పేరుకొనును. మంచు దళసరియైనకొలది చల్లదనము తగ్గును. కావున పెద్ద యంత్రములలో అప్పుడప్పుడు వేడి అమ్మోనియా వాయువునే ఆ చుట్టలలోనికి పంపి మంచును కరగింతురు.

అపాయమంతయు నిచ్చటనే యున్నది. మొదట చుట్టలోని ద్రవమును తొలగింపవలెను. పిదప వాయువును మెల్లగా విడువవలెను. మంచు కరగినపిమ్మట లోని పీడనమును కొంచెము కొంచెముగా దింపి, ఆపైననే మరల శీతలీకరణమునకు త్రోవ తీయవలెను. ఈ క్రమము తప్పినచో వేగముగా పోవు వాయువు గొట్టపు అడుగుననున్న ద్రవమును అలలుగా లేపి, బిరడావలె గొట్టము నిండజేసి, తుపాకిగుండువలె తరిమి మూతకో వంపునకో కొట్టించును. లేదా, చల్లని ద్రవము నడుమ చిక్కిన వాయువు క్షణములో ద్రవమగును. అప్పుడు దాని పరిమాణము వందల రెట్లు తగ్గును గదా! ఆ శూన్యమును పూరింప ద్రవము దుమికి ఢీకొనును. ఈ రెండవదియే మిక్కిలి క్రూరమైనదని మా యభిప్రాయము. ఏలయన కవాటము తెరచినవానికి దాని జాడయే తెలియదు.

2010 ఆగస్టు 23వ తేదీన అమెరికాలో అలబామా రాష్ట్రమందలి థియొడోర్ అను చోట నొక శీతల గిడ్డంగిలో నిట్లే జరిగెను. ముందునాడు విద్యుత్తు ఏడు గంటలకు పైగా నిలిచిపోయెను. మరల నడిపించునపుడు పనివాడు హెచ్చరికలను తుడిచివేయగా, యంత్రము మంచు కరగించు నడుమనే, పీడనము దింపకయే, నేరుగా శీతలీకరణమునకు మారెను. కప్పుమీది 12 అంగుళముల గొట్టము పగిలి, 32,000 పౌనులకు పైగా అమ్మోనియా వెలువడెను. సముద్రములో చిందిన చమురును తొలగించు పనికై వచ్చి నదికావల నున్న పనివారిని, ఓడలవారిని కూడ ఆ మేఘము కమ్మెను. 150 మందికి పైగా అస్వస్థులైరి. 32 మంది ఆసుపత్రిలో చేర్పబడిరి.

పెక్కు చుట్టలను ఒకే కవాటముల జతకు కట్టరాదనియు, నడుమ నాగిన యంత్రము పీడనము దింపక మారకుండునట్లు అమర్చవలెననియు, స్రావమును వెంటనే అరికట్టలేనిచో అత్యవసరపు మీట నొక్కి సర్వమును నిలుపవలెననియు అమెరికా రసాయన భద్రతా మండలి 2015లో తెలిపెను. ఆనాడు థియొడోరులో యంత్రమును నడువనిచ్చుచునే, కారుచున్న చోటిని మాత్రము వేరుచేయ యత్నించిరి.