ఇంటి కరెంటు: తేడా ఎక్కడ వస్తుంది?

వీధి స్తంభం నుంచి సింగిల్ ఫేజ్ ఇంటి మీటరు దాకా వచ్చే తీగలు రెండే: ఫేజు, న్యూట్రల్. వీటి మధ్య ఉండాల్సిన వోల్టేజీ 230. ఫేజులో వచ్చిన కరెంటు బల్బులోనో ఫ్యాన్‌లోనో పని చేసి న్యూట్రల్ గుండా వెనక్కి పోతుంది. మూడోదైన ఎర్త్ తీగ ఇంటి ఆవరణలో తవ్విన గుంత దగ్గర మొదలై ప్రతి త్రీపిన్ సాకెట్‌కూ చేరుతుంది. అంతా సవ్యంగా ఉన్న రోజున అందులో కరెంటు దాదాపు ఉండదు. ఇంట్లో ఎదురయ్యే కరెంటు ఇబ్బందుల్లో ఎక్కువ భాగానికి మూలం ఈ మూడు తీగల్లో, వాటిని కలిపే అతుకుల్లోనే ఉంటుంది. లక్షణం మాత్రం టీవీలోనో ఫ్రిజ్‌లోనో బయటపడుతుంది. అందుకే వస్తువు మార్చినా, రిపేరు చేయించినా కొన్నాళ్లకు అదే తేడా మళ్లీ వస్తుంది.

వదులైన స్క్రూ

అన్నిటికన్నా తరచుగా వచ్చేది లూజు కాంటాక్టు. లైటు మినుకుమినుకుమంటుంది. స్విచ్చు మీద వేలు కాస్త నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. బోర్డులోంచి చిటపట శబ్దం వస్తుంది. గీజరు ప్లగ్ పిన్నుల చుట్టూ తెల్లని ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది.

స్క్రూ వదులైతే తీగ, ఇత్తడి ముక్క ఒకదానికొకటి తగిలే చోటు తగ్గిపోయి అక్కడ నిరోధం పెరుగుతుంది. ఆ చోట పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. అతుకులో అర ఓమ్ నిరోధం ఉందనుకుంటే, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునే 0.04 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి లెక్కలోకి రాదు. అదే అతుకు గుండా 2,000 వాట్ల గీజరు నడిస్తే 8.7 ఆంపియర్లు పారి, ఆ చిన్న చోట దాదాపు 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ చాలామటుకు 25 వాట్లదే. అంతకుమించిన వేడి ప్లాస్టిక్ సాకెట్ లోపల రోజూ అరగంట నిలుస్తుంది. లైట్లకు ఏళ్ల తరబడి పనిచేసిన బోర్డు, గీజరో ఇస్త్రీపెట్టో పెట్టగానే మాడిపోవడం ఇందుకే.

1970, 80 దశకాల్లో కట్టిన ఇళ్లలో అల్యూమినియం తీగలు ఇంకా ఉన్నాయి. అల్యూమినియం మెత్తని లోహం. స్క్రూ ఒత్తిడికి మెల్లగా నలిగి పక్కకు జరుగుతుంది. దాని పైపొరగా ఏర్పడే ఆక్సైడు కరెంటును సాగనివ్వదు. రాగి తీగతో నేరుగా మెలిపెడితే తేమ తగిలి అతుకు పాడవుతుంది. సర్వీసు వైర్లు నేటికీ ఎక్కువగా అల్యూమినియమే కాబట్టి స్తంభం దగ్గరి జాయింటు, మీటరు దగ్గరి జాయింటు అనుమానించాల్సిన మొదటి చోట్లు.

ఈ లోపంలో పెద్ద ప్రమాదం ఏమిటంటే, కరెంటు మించితే లైను ఆపేసే ఎంసీబీ దీన్ని పసిగట్టలేదు. తీగలో పారేది మామూలు కరెంటే. వేడెక్కేది అతుకు మాత్రమే. ఆ వేడికి తీగ మీది పొర కరిగి, ఫేజు, న్యూట్రల్ ఒకదానికొకటి తగిలాకే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అంటే మంటలకు కారణంగా చెప్పుకునే షార్ట్ సర్క్యూట్ చాలాసార్లు కథ చివర్లో వచ్చేదే. కాలిన వాసన వచ్చిన రోజే బోర్డు విప్పించి స్క్రూలు బిగిస్తే, నల్లబడిన సాకెట్ మారిస్తే కథ అంతదూరం పోదు.

ఎంసీబీ ఎందుకు పడిపోతుంది?

ఒకప్పుడు ఇంటి వైరింగ్ నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో లెక్కన వేశారు. ఇప్పుడు అదే తీగల మీద ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్ నడుస్తున్నాయి. ఒకే 16 ఆంపియర్ల లైనులో 2,000 వాట్ల గీజరు, అంతే వాట్ల ఇండక్షన్ స్టవ్ కలిస్తే 17.4 ఆంపియర్లు. ఇంత స్వల్పంగా మించితే ఎంసీబీ వెంటనే పడదు, లోపలి లోహపు రేకు వేడెక్కి వంగేదాకా చాలాసేపు ఆగుతుంది. షార్ట్ అయితే మాత్రం లోపలి తీగచుట్ట అయస్కాంతమై రెప్పపాటులో పడేస్తుంది. ఎత్తగానే పడితే షార్ట్, కాసేపాగి పడితే ఓవర్‌లోడ్ అని స్థూలంగా గుర్తుపట్టవచ్చు.

పడిపోతోందని 16 తీసి 32 ఆంపియర్ల ఎంసీబీ బిగించడం చాలా ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. ఎంసీబీ కాపాడేది గోడలోని తీగను. లైట్లకు 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 16 ఆంపియర్ల సాకెట్‌కు 2.5, ఏసీకి, గీజరుకు విడిగా 4 వేయడం సాధారణ పద్ధతి. తీగ సన్నగా ఉంచి ఎంసీబీ పెంచితే పైపులోని తీగే ఫ్యూజై కాలుతుంది. పాత పింగాణీ ఫ్యూజుల్లో ఫ్యూజు వైరుకు బదులు రాగి పోగులు మెలేసి చుట్టడం కూడా ఇలాంటిదే. సన్నటి తీగతో వచ్చే చవక ఎక్స్‌టెన్షన్ బాక్సుకు హీటరు తగిలించడమూ అంతే.

వోల్టేజీ తగ్గితే, పెరిగితే

బోరు మోటారు వేయగానే లైట్లు ఒక్క క్షణం మందగించడం సహజం. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. మందగింపు అలాగే నిలిచిపోతే తీగ సన్నదో, జాయింటు చెడిందో అయి ఉంటుంది. వీధంతా లో వోల్టేజీ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఎక్కువైందని, ఒక్క ఇంట్లోనే ఉంటే సర్వీసు వైరులో లోపమని అనుమానించాలి. లో వోల్టేజీకి ముందుగా దెబ్బతినేవి మోటార్లు, కంప్రెసర్లు. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 180 వోల్టుల దగ్గర అది 61 శాతానికి పడిపోతుంది. కంప్రెసర్ తిరగలేక గుర్రుమంటూ కరెంటు లాగి వైండింగ్ కాల్చుకుంటుంది. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు ఏసీని మూడు నిమిషాలు ఆగి వేయమనేది కూడా ఇందుకే; లోపలి గ్యాసు ఒత్తిడి రెండు వైపులా సమానమయ్యేదాకా కంప్రెసర్‌కు కదలడం కష్టం. ఇక ఇంట్లో అన్నీ బాగుండి ఒక్క ఫ్యానే నెమ్మదిస్తే అది వోల్టేజీ సంగతి కాదు. చాలావరకు పోయింది 2.5 మైక్రోఫారడ్ల కండెన్సరే.

వోల్టేజీ ఉన్నట్టుండి పెరిగి ఒకే రోజు నాలుగిళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయంటే చాలావరకు న్యూట్రల్ తెగిందన్నమాట. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను తగ్గించి మూడు ఫేజులుగా ఇస్తుంది. ఇళ్లను ఈ మూడింటికీ పంచుతారు. ఒక్కో ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులే అయినా, రెండు ఫేజుల మధ్య 400 ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ ఊడితే, వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదాని గుండా ఒకటి కరెంటు లాగుతూ ఆ 400 వోల్టులను పంచుకుంటాయి. ఆ పంపకం సమానంగా ఉండదు. రెండిళ్లే ఉన్నాయనుకుంటే, ఒకదానిలో 2,000 వాట్ల గీజరు, రెండోదానిలో 200 వాట్ల టీవీ, ఫ్యాను నడుస్తుంటే, తక్కువ వాడుతున్న రెండో ఇంటి మీదే 360 వోల్టులకు పైగా పడతాయి. పొదుపుగా వాడుకునే ఇల్లే ముందు నష్టపోతుంది. కొన్ని లైట్లు కళ్లు చెదిరేలా వెలిగి, పక్కింట్లో మసకబారితే ఆ క్షణమే మెయిన్ కట్టేసి 1912కు ఫోన్ చేయాలి. ఈదురుగాలులు వీచాక, తుప్పు పట్టిన పాత జాయింట్ల దగ్గర ఈ సమస్య ఎక్కువ.

న్యూట్రల్ ఒక్క ఇంటికే తెగితే పరికరాలు కాలవు, అన్నీ ఆగిపోతాయి. అయితే సాకెట్‌లో టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. వేసి ఉన్న బల్బు గుండా ఫేజు న్యూట్రల్ తీగలోకి చేరడమే కారణం. కరెంటు పోయింది కదా అని అప్పుడు తీగలు ముట్టుకోవడం ప్రాణాంతకం. న్యూట్రల్ లేదని ఎర్త్‌కు కలిపి లైట్లు వెలిగించుకోవడం కొన్ని ఊళ్లలో అలవాటు. అది ఇంకా ప్రమాదం, ఎందుకో ఎర్త్ సంగతి తెలిస్తే అర్థమవుతుంది.

షాక్, ఎర్త్

మన దేశంలో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా పదివేల మందికి పైగా విద్యుదాఘాతంతో చనిపోతున్నారని జాతీయ నేర గణాంక సంస్థ నివేదికలు చెబుతున్నాయి. మనిషి ప్రాణం తీయడానికి చాలా తక్కువ కరెంటు చాలు. 10 మిల్లీఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేని స్థితి వస్తుంది. 30 దాటితే ఊపిరాడదు. 50 నుంచి 100 మధ్య గుండె లయ తప్పుతుంది. 9 వాట్ల బల్బు తీసుకునేదే 40 మిల్లీఆంపియర్లు. ఇంట్లోని అతి చిన్న ఎంసీబీ కూడా అలాంటి బల్బులు నూటయాభై వేసినా పడదు. అంటే మనిషి ఒంట్లోంచి కరెంటు పోతున్నా ఎంసీబీకి తెలియదు. ఎంసీబీలు పెట్టించాం కదా, షాక్ భయం లేదనుకునే ఇళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

గీజరు లోపలి ఎలిమెంట్‌లో వేడెక్కే తీగ చుట్టూ తెల్లని పొడి, దానిపైన లోహపు గొట్టం ఉంటాయి. బోరు నీటి ఉప్పు గొట్టం మీద గట్టిగా పేరుకుని, వేడి నీటిలోకి పోక గొట్టం పగులుతుంది. పొడిలోకి నీరు చేరి కరెంటు ట్యాంకులోకి, నీళ్లలోకి వస్తుంది. ఇనుప బాడీ కూలర్‌లో నీటి పంపు, ఫ్యాను మోటారు తడిసి ఇదే పని చేస్తాయి. వేసవిలో తడి నేల మీద ఉట్టి కాళ్లతో కూలర్‌లో నీళ్లు పోస్తూ చనిపోయినవారి వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి.

ఇలా లీకైన కరెంటును మనిషిని తాకకముందే నేలలోకి తీసుకుపోవడం ఎర్త్ పని. సాధారణంగా రెండున్నర మీటర్ల జీఐ పైపును బొగ్గు, ఉప్పు వేసి గుంతలో పాతుతారు. తేమ ఉన్నంతకాలమే అది పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గుంత ఎండిపోతుంది. రాతి నేలలో, పొడి ఇసుకలో నిరోధం మరీ ఎక్కువ. ఆ నిరోధం 50 ఓమ్‌లు ఉందనుకుంటే, గీజరులో ఫేజు బాడీకి తగిలినా పారేది 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ పడదు. అప్పుడు ఇంట్లోని ఎర్త్ తీగలన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్నందున గీజరు మీది వోల్టేజీ ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల బాడీలకూ పాకుతుంది. ఫ్రిజ్ షాక్ కొడుతోందని మెకానిక్‌ను పిలిపిస్తే అందులో లోపమేమీ దొరకదు. ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడిన ఇంట్లోనూ జరిగేది ఇదే.

అసలు ఎర్త్ లేని ఇళ్లే చాలా ఉన్నాయి. సాకెట్‌కు మూడు రంధ్రాలుంటాయి, పై రంధ్రం వెనక తీగ ఉండదు. లాప్‌టాప్, కంప్యూటర్ల లోహపు బాడీ ముట్టుకుంటే సన్నగా జివ్వుమనడం దీనికి గుర్తు. వాటి లోపలి ఫిల్టర్ కండెన్సర్ల గుండా అతి కొద్ది కరెంటు బాడీకి వస్తుంది. ఎర్త్ ఉంటే అందులోకి పోయేది, లేక చేతికి తెలుస్తుంది. ఆ లోటు పూడ్చడానికి సాకెట్‌లో న్యూట్రల్‌ను, ఎర్త్ పిన్నును చిన్న తీగతో కలిపేవారున్నారు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే పరికరం బాడీ అంతా ఫేజు అవుతుంది.

పల్లెల్లో మరో ఉచ్చు బట్టలు ఆరేసే దండెం. సర్వీసు వైరు బరువు మోసే ఇనుప తీగ రేకుల కప్పు మీదుగా, ఇనుప పైపుల మీదుగా వస్తుంది. గాలికి ఊగి ఊగి వైరు పొర అరిగితే రేకులకు కరెంటు వస్తుంది. ఆ పైపుకే కట్టిన ఇనుప దండెం మీద తడి బట్ట వేసిన మనిషికి షాక్ తగులుతుంది. కాపాడబోయి పట్టుకున్నవాళ్లకూ తగులుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడం ఇలాగే జరుగుతుంది. నైలాన్ తాడు కట్టడంతో సగం ముప్పు తొలగుతుంది. వైరు రేకుకు ఆనకుండా ఎత్తుగా తీయించడం మిగతా సగం.

ఆర్‌సీసీబీ పదేపదే పడుతుంటే

మనిషిని కాపాడే పరికరం ఆర్‌సీసీబీ. ఫేజు, న్యూట్రల్ రెండూ దాని లోపలి ఒకే వలయం గుండా పోతాయి. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నంతసేపు అది కదలదు. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే సెకనులో చిన్న వంతు కాలంలో కరెంటు ఆపేస్తుంది. ఓవర్‌లోడ్‌కు ఇది పనిచేయదు కాబట్టి ఎంసీబీతో పాటే ఉండాలి. దాని మీది టి బటన్ నెలకోసారి నొక్కితే పడిపోవాలి; పడకపోతే మార్చాలి.

వానాకాలంలో ఇది ఊరికే పడుతోందని తీయించేసే ఇళ్లున్నాయి. ఊరికే పడదు. గోడ పైపుల్లో చేరిన నీరు, గేటు లైటు, బోరు మోటారు కేబులు, గీజరు ఎలిమెంట్ వీటిలో ఏదో ఒకచోట లీకేజీ ఉంటుంది. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్క ఎంసీబీ వేస్తూ పోతే ఎక్కడ పడిందో ఆ లైనే అనుమానితం. ఎంసీబీలన్నీ దించినా పడుతుంటే న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది. ఎంసీబీలు ఫేజును మాత్రమే తెంపుతాయి కనుక ఆ లోపం వాటితో దొరకదు. ఇన్వర్టరు బిగించాక సమస్య మొదలైతే రెండు లైన్ల న్యూట్రళ్లు కలిసిపోయి ఉంటాయి. అప్పుడు ప్లగ్‌లన్నీ తీయించి, ఎలక్ట్రీషియన్ చేత ఒక్కో లైను విడదీయించి, తీగ పొర నిరోధం కొలిచే మెగ్గర్‌తో చూపించాలి. 500 వోల్టుల పరీక్షలో తీగకు, ఎర్త్‌కు మధ్య ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపిస్తే, ముందు ఆ లైనులోని బోర్డులు, జాయింట్లలో తడి ఉందేమో చూస్తారు. అవి బాగున్నా విలువ పెరగకపోతే పైపులోని తీగనే మార్చాలి.