నీరుల్లి, వెల్లుల్లి మడులలో ఊదారంగు మచ్చ తెగులు

పెరటిలో రెండు మడులు నీరుల్లి, ఒక మడి వెల్లుల్లి వేసికొనిన కుటుంబము కొంతకాలము వీనికొరకు అంగడికి పోనక్కరలేదు. కర్నూలు జిల్లావంటి ఉల్లి సీమలలోనే గాక, నీటి వసతి గల ఇతర గ్రామములందును వీనిని పండించుచున్నారు. ఈ పంటకు సోకు తెగుళ్లలో ఊదారంగు మచ్చ తెగులు ముఖ్యమైనది. ఎవరి పెరటిలో వారు దీనిని నివారించుకొనుట కష్టము. గ్రామమంతయు పూనుకొనినచో సులభము. కావుననే పంచాయతీ సభ్యులకు దీనినిగూర్చి వివరించుచున్నాము.

ఆల్టర్నేరియా పోరి అను శిలీంధ్రము ఈ తెగులునకు కారణము. మొదట ఆకులపైనను, పూకాడలపైనను చిన్న తెల్లని మచ్చలు పుట్టును. క్రమముగా అవి గుంటపడి, నడుమ ఊదారంగునకు మారి, చుట్టును పసుపుపచ్చని అంచుతో పెరుగును. మచ్చ చుట్టుకొనినచోట కాడ విరిగి వాలిపోవును. ఆకులు ఎండినచో గడ్డ ఊరదు. తెగులు మెడగుండ గడ్డలోనికి దిగినచో నిలువలో కుళ్లిపోవును.

25 నుండి 30 డిగ్రీల వేడిమియు, ఆకులపై విడువని తడియు దీనికి అనుకూలములు. తామరపురుగులు గీరిన ఆకులకు ఇది త్వరగా సోకును. పంట తీసిన పిదప ఈ శిలీంధ్రము ఎండుటాకులలో దాగియుండి, మరల గాలివలనను, వాన తుంపరలవలనను వ్యాపించును. ఒకరు పారవేసిన చెత్త ఇరుగుపొరుగు పెరళ్లకు తెగులును పంచుననుట ఇందువలననే.

తెగులు లేని మడినుండియే విత్తనమును, వెల్లుల్లి రెబ్బలను తీసికొనవలెను. మడులు ఎత్తుగా నుండవలెను. నీరు ఉదయమున మొదళ్లకే పోయవలెను. తెగులు సోకిన మడిలో రెండు మూడేండ్లు ఉల్లిజాతి పంటలు మాని, చిక్కుడు గాని, మొక్కజొన్న గాని వేయవలెను. మచ్చలు కనబడగానే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి చల్లవలెను. ఉల్లి ఆకు నునుపైనది గనుక జిగురు మందు చేర్చనిదే మందు నిలువదు. మందు చల్లిన మడిలోని ఉల్లికాడలను పొట్లముపై సూచించిన గడువు తీరువరకు కూరకు కోయరాదు. ఈ విషయమున ఉద్యానాధికారి సలహా పొందుట మేలు.

త్రవ్విన గడ్డలను నీడలో బాగుగ ఆరబెట్టి, గాలి తగులుచోట నిలువ చేయవలెను. వెల్లుల్లిని కట్టలుగా వ్రేలాడగట్టవచ్చును.

పంట తీసిన వెంటనే ప్రతి వార్డులోను ఒక దినము నిర్ణయించి, ఎండుటాకులనన్నింటిని ఏరించి, మడులకు దూరముగా లోతైన గోతిలో పూడ్పించవలెను. ఆ చెత్తను పెంటకుప్పలో చేరనీయరాదు. ఒక్క పెరడు మిగిలినను మరుసటి పంటకు తెగులు తప్పదు. ఈ పనిని పంచాయతీయే నడుపవలెను.