మీకు తెలుసా? నీళ్లలో తేలే ఇటుక... ఇంటికి చల్లదనం

• వరంగల్‌కు సుమారు 65 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాలంపేట రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో వేస్తే మునగదు, తేలుతుంది. ఇటుక నిండా సన్నటి గుల్లలు, వాటి నిండా గాలి ఉండటమే ఇందుకు కారణం. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

• గుడి మీద బరువు తగ్గించిన ఆ గాలికి మరో గుణమూ ఉంది. గుల్లల్లో చిక్కుకుని కదలలేని గాలి వేడిని తొందరగా దాటనివ్వదు. థర్మాకోల్‌లో నూటికి 98 పాళ్లు గాలే! ఇప్పుడు ఇళ్లకు వాడుతున్న ఏఏసీ బ్లాకులోనూ ఉన్నది ఈ గుట్టే. ఎండిన ముక్కొకటి బకెట్లో వేసి చూడండి, అదీ తేలుతుంది.

• పాత పెంకుటిళ్లలో వేడిని ఆపే ఈ పని అటక చేసేది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఉల్లిగడ్డల కోసం నిచ్చెన వేసి అటకలోకి తల పెడితే ముఖాన సెగ కొడుతుంది. కిందికి దిగితే గది చల్లగానే ఉంటుంది. గూన పెంకుల వేడి నేరుగా మన నెత్తిమీదికి దిగకుండా అటక మధ్యలోనే ఆపేది.

• శ్లాబు ఇంటికి ఆ అడ్డు లేదు. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. పడుకునే వేళ ఫ్యాను వేసినా వడగాలే!

• తెలంగాణ 2023లో కూల్‌రూఫ్ విధానం తెచ్చింది. దాని ప్రకారం 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు ఎండను తిప్పికొట్టే కప్పు తప్పనిసరి. చిన్న ఇళ్లవారికి అది ఐచ్ఛికం.

• ఎండను తిప్పికొట్టే రంగు వేసినా, పైన థర్మాకోల్ లాంటి పొర పరిచినా, ముందు డాబా మీది పర్రెలు పూడ్చాలి. వేడిని దాటించడంలో నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా చురుకు. గుల్లల్లోకి నీరు చేరిందా, పెట్టిన ఖర్చు వృథా. వెనకటివాళ్లు మృగశిర కార్తె రాకముందే కోతులు చెదరగొట్టిన గూన సర్దించుకునేవారు. డాబా ఇంటికీ ముహూర్తం అదే.