వెనుక వరుస వాద్యం

పార్లమెంటు వార్తలు ఏళ్ల తరబడి రాసేవారికి ఒక సత్యం బోధపడుతుంది. సభలో బిగ్గరగా వినిపించే కంఠం వేరు, సభ పని సాగేటట్లు చూసే కృషి వేరు. జీరో అవర్‌లో గర్జించిన సభ్యుని పేరు మరునాడు పత్రికల శీర్షికలకెక్కుతుంది. స్థాయీ సంఘం గదిలో కూర్చుని, బిల్లులోని ఒక్కొక్క క్లాజును చదివి లోపాలు దిద్దిన సభ్యుని పేరు నివేదికలో ఎక్కడో చిన్న అక్షరాలలో మిగిలిపోతుంది. కాని ఆ రెండవ సభ్యుడు లేనిదే చట్టం నిలబడదు. పాశ్చాత్య వాద్యబృందంలో ఆ రెండవ సభ్యుని వంటిది బేస్ గిటార్. నడివయస్సు దాటిన తర్వాత, కొందరు పదవీ విరమణ కూడా చేసిన తర్వాత, ఆ వాద్యాన్ని చేతబట్టే వారి ముచ్చట ఈ వారం కోల్‌కతా నుంచి. ఇది వట్టి కాలక్షేపం కబురు కాదని, వృద్ధాప్యాన్ని మన రాజ్యవ్యవస్థ ఏ దృష్టితో చూస్తున్నదన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నదని చివరకు పాఠకులే గ్రహిస్తారు.

ముందు వాద్యం సంగతి. మామూలు గిటార్‌కు ఆరు తీగలైతే దీనికి సాధారణంగా నాలుగు. ఆ నాలుగూ గిటార్‌లోని కింది నాలుగు తీగల కంటె ఒక స్థాయి దిగువన మోగుతాయి. అన్నిటికంటె లావు తీగ నాదం సెకనుకు 41 కంపనాల దరిదాపుల్లో ఉంటుంది. అది చెవికి వినపడటం కంటె ఛాతీకి తెలియడమే ఎక్కువ. పూర్వం ఈ పని నిలువెత్తు డబుల్ బేస్‌ది. విద్యుత్ గిటార్ల హోరులో అది మునిగిపోతున్నదని గ్రహించి, అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను విపణిలోకి తెచ్చాడు. వీణకు వలె మెట్లున్న ఆ వాద్యం డ్రమ్ములకూ పాటకూ మధ్య వంతెన అయింది. లయను స్వరంగా మార్చేదీ, స్వరాన్ని లయకు కట్టి ఉంచేదీ అదే. ఇళయరాజా సినిమా పాటలు విన్న తెలుగువారు పేరు తెలియకపోయినా ఈ నాదాన్ని ఎరుగుదురు. మోగుతున్నంతసేపు దానిని గమనించరు, ఆగిపోతే మాత్రం ఏదో వెలితి అని అందరికీ తెలుస్తుంది.

కోల్‌కతాకు ఈ వాద్యంతో అనుబంధం పాతది. 1960, 70 దశకాలలో పార్క్ స్ట్రీట్‌లోని ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్ వంటి భోజనశాలలలో రాత్రివేళ సజీవ సంగీతం సాగేది. ఉషా ఉతుప్ 1969లో ట్రింకాస్ వేదిక మీద పాడిన నాటికి ఆ వీధి దేశంలోనే పాశ్చాత్య సంగీతానికి పేరుపడ్డది. ఆ నగరపు బేస్ వాదకులలో మొదట చెప్పవలసిన పేరు లూ హిల్ట్. గ్రేట్ బేర్, హై అనే బృందాలలో వాయించి, తరువాత హిప్ పాకెట్ బృందంతో పార్క్ హోటల్‌లోని సమ్‌ప్లేస్ ఎల్స్ వేదిక మీద దీర్ఘకాలం కొనసాగిన ఆయన, ఈ వాద్యం కుర్రకారు సొత్తు కాదని తన జీవితంతోనే చాటారు. కాలక్రమాన వినోదపు పన్ను భారం, నగరపు ఆర్థిక క్షీణత, యువజనుల వలస ఆ రాత్రులను మసకబార్చాయి.

లూ హిల్ట్ వలె కొనసాగిన వారు కొద్దిమంది. కళాశాల ఉత్సవాలలో రెండేళ్లు వాయించి విడిచిపెట్టినవారే అధికం. పరీక్షలు, పిమ్మట బ్యాంకు ఉద్యోగమో, రైల్వే కొలువో, సంసారమో వచ్చిపడ్డాయి. దానికితోడు ఆనాటి దిగుమతి లైసెన్సుల విధానంలో విదేశీ వాద్యం సామాన్యునికి అందని పండు. కోల్‌కతాలోనే తయారైన గివ్‌సన్ గిటార్లు ఆ లోటును కొంత పూడ్చి, దేశమంతటా వేలాది మందికి తొలి వాద్యాలయ్యాయి. 1991 సంస్కరణల తరువాత తలుపు ఓరగా తెరుచుకున్నది. వినియోగ వస్తువుల దిగుమతులపై మిగిలిన పరిమాణాత్మక ఆంక్షలు 2001 ఏప్రిల్ 1న తొలగిపోయాయి. నేడు లాల్‌బజార్ పోలీసు ప్రధాన కార్యాలయం చేరువలో, రవీంద్ర సరణి పొడవునా ఉన్న వాద్యాల దుకాణాలకు వెళ్లినవారు తమ యౌవనంలో బొమ్మలలో మాత్రమే చూసిన రకాలను చేతితో తాకి చూడవచ్చు.

అలా చూడవచ్చేవారు స్థూలంగా మూడు తరగతుల వారు. కాలేజీలో వాయించి, మూడు దశాబ్దాల విరామం తరువాత తిరిగి వచ్చేవారు ఒకరు. బెంగుళూరుకో, హైదరాబాదుకో, అమెరికాకో తరలిపోయిన సంతానం గది మూలన వదిలిన గిటార్‌ను తుడిచి, దాని నుంచి బేస్‌కు మళ్లినవారు మరొకరు. ఎన్నడూ ఏ వాద్యమూ ముట్టక, ఉన్నపళంగా ఓనమాలు దిద్దుకునేవారు మూడవవారు. ఈ చివరి తరగతిలో స్త్రీలు కూడా ఉండటం విశేషం. ఒకప్పుడు ఇంట్లో ఆడపిల్లకు రవీంద్ర సంగీతం నేర్పించేవారే కాని, భుజాన బేస్ తగిలించుకోనిచ్చేవారు కారు.

మలివయస్సులో ఈ విద్య సులభమని చెబితే అబద్ధమవుతుంది. సాధారణ బేస్‌లో తీగ మోగే నిడివి 34 అంగుళాలు. బరువు నాలుగు కిలోల మాట. వేళ్లు చాచినకొద్దీ కీళ్లు మొరాయిస్తాయి. లావు తీగలకు వేలికొనలు కాయలు కాచేదాకా నొప్పి తప్పదు. అందుకే పలువురు 30 అంగుళాల పొట్టి బేస్‌ను ఎంచుకుంటారు, కూర్చుని సాధన చేస్తారు, రోజుకు గంట బదులు పావుగంట చొప్పున నాలుగు మార్లు వాయిస్తారు. కాని ప్రకృతి ఒక చోట దయ చూపింది. వయస్సుతోపాటు చెవి మొదట కోల్పోయేది హెచ్చు స్థాయి ధ్వనులను. మంద్ర స్వరాలు చాలాకాలం నిలుస్తాయి. కీచుమనే తీగ చేజారిపోయే వయస్సులో గంభీరమైన తీగ మాత్రం చెలిమి చేస్తుంది.

పెద్దలకు నేర్పడం ప్రపంచానికి కొత్త కాదు. రాయ్ ఎర్నస్ట్ అనే ఆచార్యుడు 1991లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో, ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయం ఆధ్వర్యాన న్యూ హొరైజన్స్ అనే కార్యక్రమాన్ని ఆరంభించాడు. సంగీతం ఎన్నడూ ఎరుగని పెద్దలకూ, చిన్ననాట విడిచిపెట్టినవారికీ కలిసి వాయించే అవకాశం కల్పించడమే దాని లక్ష్యం. జెన్నిఫర్ బ్యూగోస్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో, 60 నుంచి 85 ఏళ్ల మధ్యవారికి ఆరు నెలలు పియానో నేర్పగా, ఏకాగ్రతకు సంబంధించిన కొన్ని పరీక్షలలో వారి ఫలితాలు మెరుగుపడ్డాయి. పియానోకు చెప్పిన మాట బేస్‌కు యథాతథంగా అన్వయిస్తుందనలేము. అయినా, వయస్సు మళ్లినంత మాత్రాన మెదడు తలుపులు మూసుకుపోవని చెప్పడానికి అది చాలును.

తిరిగి రావడం ఎట్లా ఉండాలో కోల్‌కతాకు ఒక గొప్ప దృష్టాంతం ఉన్నది. గౌతమ్ చటోపాధ్యాయ నక్సల్‌బరీ ఉద్యమం వైపు నడిచి జైలు చూసిన యువకుడు. ఆయన సోదరులతో, మిత్రులతో కలిసి 1970 దశకం మధ్యలో మొహీనేర్ ఘోడాగులి బృందాన్ని నెలకొల్పాడు. జీవనానంద దాస్ కవిత నుంచి తీసుకున్న ఆ పేరుకు మొహీనుని గుర్రాలని అర్థం. గిటార్, వయొలిన్, బావుల్ బాణీ కలిపిన వారి పాటలను ఆనాటి శ్రోతలు పెద్దగా పట్టించుకోలేదు. మూడు రికార్డుల తరువాత 1981లో బృందం విడిపోయింది. గౌతమ్ సినిమాలు తీశాడు. ఆయన నాగమతి చిత్రం ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.

నలభైల చివరలో, 1995లో, ఆయన పాటకు తిరిగి వచ్చాడు. మళ్లీ ఇరవై ఏళ్ల తరువాత అన్న అర్థం వచ్చే పేరుతో వెలువడిన ఆ సంకలనంలో ఆయన కొత్తతరం గాయకులను ముందుకు తెచ్చి, తాను సంపాదకునిగా వెనుక నిలిచాడు. 1998 వరకు అటువంటివి నాలుగు సంకలనాలు వచ్చాయి. 1999 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. ఆ నాలుగేళ్లలో నాటిన విత్తనమే తరువాతి బెంగాలీ బ్యాండ్ల వెల్లువకు ఎరువైందని చెప్పడంలో అతిశయోక్తి లేదు. గౌతమ్‌ను గుర్తుంచుకోవలసింది తన యౌవనాన్ని తిరిగి పొందినందుకు కాదు, ఇతరుల యౌవనానికి పునాది అయినందుకు. బేస్ చేసే పని కూడా అదే.

ఇప్పుడు ఢిల్లీ మాట. మన దేశంలో అరవై ఏళ్లు నిండిన వ్యక్తి సగటున మరో పదిహేడు, పద్దెనిమిదేళ్లు జీవిస్తున్నాడు. ఒక శిశువు ఓటరుగా ఎదగడానికి పట్టే కాలం అది. ఈ కాలానికి శాసనం ఇస్తున్నదేమిటి? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 పోషణ అన్న మాటకు ఆహారం, దుస్తులు, నివాసం, వైద్యం అని అర్థం చెప్పింది. 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు దానిని కొంత విస్తరింపజూసింది గాని, ఆ సభ కాలంలో అది చట్టం కాలేదు. ఆ నాలుగూ అత్యవసరమే. ఆకలిగొన్న వృద్ధునికి గిటార్ చూపడం క్రూరత్వం. కాని ఆ నాలుగూ ఉన్నవారు సైతం ఎందుకు కుంగిపోతున్నారు? వారు పుచ్చుకునేవారే తప్ప ఇచ్చేవారు కారని మనం తీర్మానించినందువల్ల.

పన్నుల లెక్కలోనూ అదే దృష్టి. 2017 జూలైలో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు గిటార్ వంటి వాద్యాలు 28 శాతం శ్రేణిలో, విలాస వస్తువుల సరసన చేరాయి. నవంబరులో దానిని 18 శాతానికి దించారు. చేతితో చేసిన దేశీయ వాద్యాలకు మినహాయింపు సబబే. కాని పన్ను కంటె పెద్ద కొరత చోటు. ఇరుకు వాటాలలో ఆంప్లిఫయర్ మోగితే పొరుగువారు ఊరుకోరు. సాయంత్రం తరువాత తాళం పడే పాఠశాల గదులు, పురపాలక భవనాలు ప్రతి నగరంలోనూ ఉన్నాయి. వారానికి రెండు సాయంత్రాలు వాటిని పెద్దలకు తెరిస్తే ఖజానాకు కలిగే నష్టం విద్యుత్ దీపాల ఖర్చు మాత్రమే. హైదరాబాదు, విశాఖ, విజయవాడలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

మన రాజకీయ పరిభాషలో వంత పాడటం నిందావాక్యం. నాయకునికి తాన తందానా అనేవారిని అట్లా ఎత్తిపొడుస్తాము. కాని ఆ మాట పుట్టిన బుర్రకథలో వంత ఒక విద్య. కథకుడు ఊపిరి తీసుకున్నప్పుడు కథను జారిపోనీయనివారు, లయ సడలితే నిలబెట్టేవారు ఆ ఇద్దరు వంతలే. అధికారం కోసం వంత పాడినవాడు నాయకునితోపాటే కనుమరుగవుతాడు. పాట కోసం వంత పాడినవానికి కథకుడు మారినా పని ఉంటుంది. యాభై దాటిన తరువాత నాలుగు లావు తీగలను ఎంచుకున్న మనిషి తనను నలుగురూ చూడాలని అడగడం లేదు. నలుగురికీ తన అవసరం ఉండాలని మాత్రమే అడుగుతున్నాడు. ఇంత చిన్న కోరికను మన్నించడానికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు. ఒక గది, ఒక తాళంచెవి చాలు.