చర్మకణం... వెనక్కి నడిస్తే!

నాగోలులో మెట్రో ఎక్కితే హబ్సిగూడ చేరడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త దూరంలోనే మనిషి కణాన్నీ జన్యువునీ చదివే రెండు పెద్ద సంస్థలున్నాయి. ఒకటి ఉప్పల్‌ రోడ్డులోని సీసీఎంబీ. రెండోది ఒకప్పుడు నాచారంలో ప్రయోగశాల నడిపి, తర్వాత ఉప్పల్‌కి చేరిన సీడీఎఫ్‌డీ. అంతుబట్టని జబ్బుతో పుట్టిన పిల్లల్ని ఎత్తుకుని ఎందరో తల్లిదండ్రులు జన్యుపరీక్షల కోసం వెళ్తుంటారు. చేతికొచ్చిన కాగితంలో జబ్బు పేరుంటుంది. చాలాసార్లు మందు పేరుండదు!

ఆ ఖాళీని పూరించగలవని శాస్త్రవేత్తలు ఆశపడుతున్నవే ఐపీఎస్‌ కణాలు. ఐపీఎస్‌ అనగానే పోలీసు అధికారులు గుర్తొస్తారు కానీ, ఇవి వేరు. మామూలు చర్మకణాన్నో రక్తకణాన్నో వెనక్కి నడిపించి తయారుచేసిన మూలకణాలు.

నాలుగు జన్యువుల మాయ

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఉండేది ఒకే జన్యు పుస్తకం. చర్మకణం తన పేజీలే తెరుస్తుంది, గుండెకణం తనవి. మిగతావి మూసే ఉంటాయి. వాటిని మళ్లీ తెరవొచ్చా? కప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని అండంలో పెట్టి తోకకప్పల్ని పుట్టించిన జాన్‌ గర్డన్‌, తెరవొచ్చని 1962లోనే చూపించారు. 2006లో జపాన్‌ శాస్త్రవేత్త షిన్యా యమనాకా అండంతో పనిలేకుండా, నాలుగే నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాల్ని మూలకణాల స్థితికి తెచ్చారు. మరుసటేడు మనిషి కణాల్లోనూ అది సాధ్యమైంది. 2012లో ఇద్దరికీ కలిపి నోబెల్‌ వచ్చింది.

జబ్బుకి నకలు

బతికున్న మనిషి మెదడుని కోసి చూడలేం కదా! కానీ రోగి కణాల నుంచి ఐపీఎస్‌ కణాల్నీ, వాటి నుంచి మెదడు కణాల్నీ పెంచితే జబ్బు ఎక్కడ మొదలైందో గాజుపళ్లెంలోనే చూడొచ్చు. 2013లో వియన్నా శాస్త్రవేత్తలు చేసిందదే. తల చిన్నగా ఉండే జబ్బున్న రోగి కణాలతో బఠానీగింజంత మెదడు కణజాలాన్ని పెంచారు. మూలకణాలు తగినంతగా పెరగకముందే నాడీకణాలుగా మారిపోతున్నాయని తేలింది. మందులు పనిచేస్తాయో లేదో ముందుగా ఇలాంటి కణాల మీద పరీక్షించవచ్చు కూడా.

మన ఊళ్లో...

మూలకణాలు హైదరాబాద్‌కి కొత్త కాదు. సీసీఎంబీ డైరెక్టర్‌గా పనిచేసిన డాక్టర్‌ డి.బాలసుబ్రమణియన్‌ ఆ తర్వాత ఎల్‌వీ ప్రసాద్‌ కంటి ఆసుపత్రిలో పరిశోధనలకు సారథ్యం వహించారు. నల్లగుడ్డు అంచునుండే మూలకణాల్ని పెంచి, రసాయనాలు పడి దెబ్బతిన్న కళ్లకు అమర్చే పని అక్కడ 2001 ప్రాంతంలోనే మొదలైంది. అవి ఐపీఎస్‌ కణాలు కావు. అయితే అదే ఆసుపత్రి శాస్త్రవేత్తలు తర్వాత ఐపీఎస్‌ కణాలతో బుల్లి రెటీనాల్నీ పెంచారు.

తొందరపడొద్దు

మరి చికిత్స ఎప్పుడు? 2014లో జపాన్‌లో ఒక పెద్దావిడ కంట్లో ఆమె చర్మం నుంచే తయారుచేసిన రెటీనా పొరని అమర్చారు. రెండో రోగికి సిద్ధంచేసిన కణాల్లో జన్యుమార్పులు కనిపించడంతో ఆపేశారు. పూర్తిగా మారకుండా మిగిలిన మూలకణం కణితి కావచ్చన్న భయమూ ఉంది. 2025లో క్యోటో వైద్యులు ఏడుగురు పార్కిన్సన్స్‌ రోగుల మీద జరిపిన ప్రయోగ ఫలితాల్ని ప్రకటించారు. రెండేళ్లలో తీవ్రమైన ఇబ్బందులేవీ రాలేదు. అంటే అడుగు పడింది, గమ్యం చేరలేదు.

కానీ ‘స్టెమ్‌సెల్స్‌ ఎక్కిస్తాం, లక్షల్లో ఖర్చవుతుంది’ అనేవాళ్లు అంతదాకా ఆగరు. ఎముకమజ్జ మార్పిడి లాంటి రక్త మూలకణాల చికిత్సలు మినహా, మిగిలినవన్నీ అనుమతి పొందిన క్లినికల్‌ ట్రయల్స్‌లోనే జరగాలని 2017 నాటి ఐసీఎంఆర్‌ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. అందుకే ఎవరైనా ఆశ చూపిస్తే రెండే ప్రశ్నలు అడగండి. ఈ ట్రయల్‌ నమోదు సంఖ్య ఎంత? ప్రయోగమైతే నా దగ్గర డబ్బెందుకు?

ఇల్లు తాకట్టు పెట్టేముందు ఆ రెండు జవాబులూ వినండి. కాగితంలో మందు పేరు రాసే రోజు రావొచ్చు. అంతదాకా ఆ ఖాళీని ఎవరో అమ్మే అబద్ధంతో నింపుకోవద్దు.