సెలవు మన చేతిలో.. కెరటం కడలి చేతిలో!
రుతువు తెలిసి బయలుదేరితేనే సర్ఫింగ్ యాత్ర సఫలం

విశాఖపట్నం: పండుగ సెలవుల తేదీలు ఏడాది ముందే తెలుస్తాయి. రైలు టిక్కెట్టును 60 రోజుల ముందే తీసుకోవచ్చు. మంచి కెరటం ఏ రోజున తీరాన్ని తాకుతుందో మాత్రం వారం ముందు గానీ తెలియదు. రుషికొండ తీరంలో సర్ఫింగ్ నేర్చుకుని, ఇతర తీరాలనూ చూడాలని ఉవ్విళ్లూరే ఉద్యోగులకు ఎదురయ్యే చిక్కు ఇదే. సెలవును మాత్రమే చూసుకుని వెళితే సముద్రం నిస్తేజంగా ఉండవచ్చు, లేదా వాయుగుండం ప్రభావంతో అల్లకల్లోలంగా ఉండవచ్చు. సెలవునూ సముద్రాన్నీ సమన్వయం చేసుకోవాలంటే ముందుగా కెరటం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి.

పుట్టుక దక్షిణాన..
తీరం వద్ద వీచే గాలికి లేచే అలలు పొట్టిగా, క్రమం లేకుండా ఉంటాయి. సర్ఫింగ్‌కు అనువైనవి సుదూర సముద్రంలో పెనుగాలులకు పుట్టి, ఆ గాలుల పరిధిని దాటి ప్రయాణించి వచ్చే దీర్ఘ తరంగాలు. వీటినే స్వెల్ అంటారు. బంగాళాఖాతానికి వచ్చే స్వెల్‌లో అధిక భాగం దక్షిణ హిందూ మహాసముద్రంలో, 40 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన పుడుతుంది. అక్కడ శీతకాలపు గాలులు ఉద్ధృతంగా వీచే రోజులు మనకు వేసవి, వర్షాకాలాలు. అందువల్ల మే నుంచి సెప్టెంబరు వరకు తూర్పు తీరానికి ఈ కెరటాల రాక అధికం.

ఒక కెరటానికీ మరో కెరటానికీ మధ్య 15 సెకన్ల వ్యవధి ఉండే స్వెల్ లోతైన సముద్రంలో రోజుకు సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దాని జన్మస్థానం నుంచి విశాఖకు దూరం ఆరు వేల కిలోమీటర్ల పైమాటే. అంటే శనివారం ఇక్కడి తీరాన్ని తాకే కెరటం ఆరేడు రోజుల ముందే బయలుదేరి ఉంటుంది. ఉద్యోగికి దొరికే వెసులుబాటు ఆ వారం రోజులే.

అంకెలు చెప్పే సంగతి
హైదరాబాద్ ప్రగతినగర్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) సముద్ర స్థితిపై ముందస్తు అంచనాలు వెలువరిస్తుంది. వీటిలో కెరటం ఎత్తుతో పాటు దిశ, వ్యవధి కూడా ఉంటాయి. ఎత్తు ఒక్కటే చూడటం పొరపాటు. ఒకే ఎత్తున్నా, ఏడు సెకన్ల వ్యవధి గల కెరటం కంటే 14 సెకన్ల కెరటం మోసుకొచ్చే శక్తి రెట్టింపు. ఎత్తే రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లవుతుంది. కొత్తగా నేర్చుకునేవారు మొదట గుర్తుంచుకోవలసిన లెక్క ఇది.

గాలి మూడో అంశం. తెల్లవారుజామున భూమి మీది నుంచి సముద్రం వైపు వీచే గాలికి కెరటం నునుపుగా, నిలువుగా లేస్తుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలైతే అలలు చెదిరిపోతాయి. మే, జూన్ నెలల్లో విశాఖలో అయిదున్నరకు ముందే సూర్యోదయమవుతుంది. కనుక స్థానిక ఉద్యోగులు సెలవు పెట్టకుండానే, విధులకు వెళ్లేలోగా గంటన్నర సముద్రంలో గడపవచ్చు.

ఎప్పుడు.. ఎక్కడ?
* జనవరి - మార్చి: బంగాళాఖాతం సాధారణంగా ప్రశాంతం. కెరటాలు చిన్నవి. సంక్రాంతి సెలవుల్లో రుషికొండలో తొలి పాఠాలకు అనుకూలం.
* మే - సెప్టెంబరు: అనుభవం ఉన్నవారికి తూర్పు తీరంలో అసలైన కాలం. చెన్నై సమీపంలోని కోవళం, మహాబలిపురం ప్రసిద్ధ కేంద్రాలు. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు మహాబలిపురంలోనే జరిగాయి. పశ్చిమ తీరంలో మాత్రం జూన్ నుంచి రుతుపవనాల ఉద్ధృతి ఎక్కువ.
* అక్టోబరు - డిసెంబరు: బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. రుతుపవనాలు వెనుదిరిగాక కర్ణాటకలోని ముల్కి వంటి పశ్చిమ తీర ప్రాంతాలు తేరుకుంటాయి.
* శ్రీలంక: తూర్పున అరుగంబేలో మే - సెప్టెంబరు, నైరుతిన వెలిగామలో నవంబరు - ఏప్రిల్ అనుకూలం.

దసరా సెలవులతో జాగ్రత్త
తెలుగువారికి వరుస సెలవులు దొరికేది దసరాకు. సముద్రం నమ్మరానిదిగా మారేదీ అప్పుడే. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, దసరా దీపావళి పండుగల మధ్య, విశాఖ వద్ద తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న, శరన్నవరాత్రుల వేళ, శ్రీకాకుళం జిల్లాలో తీరాన్ని తాకింది. అందువల్ల దసరాకు యాత్ర తలపెట్టేవారు పశ్చిమ తీరాన్ని ఎంచుకోవడం మేలు. తూర్పు తీరానికే వెళ్లదలిస్తే పంద్రాగస్టు, వినాయక చవితి సెలవులకు వారాంతాన్ని జోడించుకోవడం ఉత్తమం.

సెలవు చీటీ ఇలా..
దూరప్రాంత యాత్రను రుతువును బట్టి, స్థానిక సర్ఫింగ్‌ను అంచనాను బట్టి నిర్ణయించుకోవాలి. రైలు టిక్కెట్టు రెండు నెలల ముందు తీసుకునేవారికి ఆనాటి కెరటం తెలిసే వీలు లేదు. రెండు రోజుల యాత్రలో కెరటం దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. అదే అయిదారు రోజులు కేటాయిస్తే, ఆ రుతువులో ఒకటి రెండు మంచి ఉదయాలైనా దక్కే అవకాశం మెరుగవుతుంది. ఏడాదిలో నాలుగు చిన్న యాత్రల కంటే ఒక్క పెద్ద యాత్ర లాభమనడానికి కారణమిదే.

విశాఖలోనే ఉండేవారు పై అధికారికి ముందుగా నెల మాత్రం చెప్పి, అంచనా వెలువడ్డాక తేదీ ఖరారు చేసుకోవచ్చు. షిఫ్టుల్లో పనిచేసేవారు సహోద్యోగితో విధులు మార్చుకోవాలన్నా వారం వ్యవధి సరిపోతుంది. బయలుదేరే ముందు రోజు అంచనాను మరోసారి సరిచూసుకోవడం తప్పనిసరి.

ఖర్చు కంటే ప్రాణం మిన్న
సెలవు పెట్టి, డబ్బు ఖర్చు చేసి వచ్చామన్న భావనే అసలు ప్రమాదకారి. ఎలాగైనా దిగాలన్న తొందరలో హెచ్చరికలను పెడచెవిన పెడతారు. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం అప్రమత్తం చేసినా, పోర్టులో ప్రమాద సూచిక ఎగురవేసినా సముద్రంలోకి దిగరాదు. దూరపు స్వెల్ వల్ల ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా సముద్రం ఉప్పొంగవచ్చు.

తీరానికి చేరిన నీరు ఇరుకైన పాయగా వేగంగా వెనక్కు మళ్లడాన్ని రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కుకుంటే ఎదురీదరాదు. బోర్డును వదలకుండా, తీరానికి సమాంతరంగా కదిలి పాయ నుంచి బయటపడాలి. ఒంటరిగా దిగకపోవడం, బోర్డు తాడును కాలికి కట్టుకోవడం, స్థానిక శిక్షకులను, మత్స్యకారులను అడిగి తెలుసుకోవడం కనీస జాగ్రత్తలు. వారు వద్దన్న రోజున ఒడ్డునే ఉండిపోవడానికీ యాత్ర ప్రణాళికలో ఒక రోజు కేటాయించుకోవాలి.